మా కథలో కుడిపక్క వంత పేరే ‘రాజకీయం’

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పండగ కమిటీల పెద్దలకు, అన్ని పార్టీల కార్యకర్తలకు, పోలీసు, సాంస్కృతిక శాఖల అధికారులకు ఒక బుర్రకథ కళాకారుడు రాస్తున్న బహిరంగ లేఖ.

నమస్కారం. ఒక కథలో అన్న మాటలకి మాకొస్తున్న బెదిరింపుల మీద పోలీసులకి మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాం. మూడు రసీదులూ ఇంట్లో భద్రంగా ఉన్నాయి. జవాబు ఒక్కటీ రాలేదు. అందుకే నలుగురూ చదివేలా ఇది రాస్తున్నాను.

ఆమదాలవలస దగ్గర ఒక పల్లె మాది. ముప్పై ఒక్క ఏళ్లుగా కాలికి గజ్జె కడుతున్నాను. మా దళంలో ముగ్గురం. మా అప్ప తంబుర పట్టి కథ చెబుతుంది. ఎడమపక్క ఆమె కొడుకు, కుడిపక్క నేను. బుర్రకథ చూడని పిల్లలు కూడా ఇది చదువుతారేమో, అందుకని ఒక్క మాట చెబుతాను. కథకుడికి అటూ ఇటూ గుమ్మెటలు పట్టుకుని నిలబడే ఇద్దరినీ వంతలంటారు. ఎడమ వంత నవ్విస్తాడు, అతన్ని హాస్యం అంటాం. కుడి వంత పని వేరు. మధ్యలో కథని ఆపి, అప్పుడు జరిగినదానికీ ఇవాళ మన ఊళ్లో జరుగుతున్నదానికీ ముడి వేయాలి. ఆ వంత పేరు రాజకీయం. నేను పెట్టుకున్న పేరు కాదిది, మా గురువుకి ఆయన గురువు చెప్పిన పేరు. ‘కళాకారుడివి, నీకు రాజకీయాలెందుకు’ అని ఈ ఏడు నెలల్లో నన్ను అడగని మనిషి లేడు. నేను నేర్చుకున్న విద్యే అది. చెప్పకపోతే నా పాత్ర నేను ఎగ్గొట్టినట్టు.

కిందటి కనుమ రాత్రి వంశధార ఒడ్డున ఒక ఊళ్లో బొబ్బిలి కథ చెప్పాం. ఆ ఊరి పేరు రాయను. ఆ కమిటీ వాళ్లు మాకు కడుపునిండా అన్నం పెట్టారు, ఒప్పుకున్న డబ్బు చేతిలో పెట్టి పంపారు. వాళ్ల మీద నాకే ఫిర్యాదూ లేదు.

బొబ్బిలి కథ మీకు తెలియంది కాదు. 1757 జనవరి 24. బొబ్బిలికీ విజయనగరానికీ ఉన్న పగలోకి ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో దిగాడు. కోటలో ఆడవాళ్లు, పసిపిల్లలు కూడా పోయారు. ఆ ఘట్టం అయ్యాక మా అప్ప తంబుర దించి కాసేపు ఊపిరి తీసుకుంటుంది. రాజకీయం ఎత్తుకోవాల్సిన చోటు అదే. ఆ రాత్రి ఇలా ఎత్తుకున్నాను.

“అప్పా, ఇద్దరు రాజులకి పడలేదు సరే, ఫిరంగి గుండు ఎవరి నెత్తి మీద పడింది?”

“కోటలో ఉన్నోళ్ల నెత్తి మీదే పడింది తమ్ముడా.”

“మరిప్పుడేటి తేడా? నిన్న ఆ జెండా మోసినాయన ఇవాళ ఈ జెండా మోస్తన్నాడు. రేపు పెళ్లిలో అందరూ ఒకే బంతిలో కూకుంటారు. మన కుర్రోళ్లు మాత్రం ఒకే వీధిలో ఉండి మొకాలు చూసుకోరు. వంశధార మీద కట్టాల్సిన నేరడి బ్యారేజీకి 2017లో ట్రైబ్యునల్ తీర్పొచ్చింది. ఆ తర్వాత వీళ్లూ ఏలినారు, వాళ్లూ ఏలినారు. వంశధార నీళ్లు ఇంకా సముద్రానికే పోతన్నాయి.”

మొత్తం నాలుగు నిమిషాలు. రెండు వైపుల నాయకుల గురించీ చెప్పాను, పేర్లు పెట్టే చెప్పాను. జనం చప్పట్లు కొట్టారు, మేం కథలోకి వెళ్లిపోయాం. తెల్లారేసరికి అందులోంచి 22 సెకన్ల ముక్క వాట్సాప్‌లో తిరుగుతోంది. ఒక పార్టీ గురించి అన్నది మాత్రమే అందులో ఉంది. ఆ పార్టీ కుర్రాళ్లు ఫోన్లు మొదలుపెట్టారు. రెండో పార్టీ కుర్రాళ్లు రెండు రోజులు నన్ను ఆకాశానికెత్తేశారు. మూడో రోజు ఎవరో మిగతా ముక్క బయటపెట్టారు. అప్పటినుంచి వాళ్లూ మొదలుపెట్టారు. నాలుగు నిమిషాలూ విన్నది ఆ రాత్రి పందిట్లో కూర్చున్న నాలుగైదు వందల మంది మాత్రమే. వాళ్లలో ఒక్కరూ నన్ను తిట్టలేదు.

ఇందులో నా తప్పొకటి ఉంది. చెప్పకుండా ముందుకి పోలేను. ఆ మాటల మధ్యలో ఒక నాయకుడి కుంటినడకని అనుకరించాను. జనం నవ్వారు. మనిషి ఒంటిలో లోపాన్ని చూపించి నవ్వించకూడదని మా గురువు మొదటి నెలలోనే నేర్పాడు. తెలిసీ చేశాను. ఆ నాయకుడికి, అలాంటి నడక ఉన్న ప్రతి మనిషికీ క్షమాపణ చెబుతున్నాను. ఇక ఆయన ఏలుబడి గురించి అన్న మాటలంటారా, అవి అలాగే ఉంటాయి.

ఇక ఈ ఏడు నెలల్లో ఏమైందో రాస్తాను. నా ఒక్కడి బాధే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు.

1. సంక్రాంతి నుంచి వైశాఖం దాకా 14 ఊళ్లు ఒప్పుకున్నాం. తొమ్మిది పోయాయి. రాత్రికి 15 వేలు. వ్యాన్‌కీ మేకప్‌కీ మూడు వేలు పోగా ఒక్కొక్కరికి నాలుగు వేలు చేతికొస్తాయి. అంటే తలా 36 వేలు పోయింది. మా ఏడాది బియ్యం, మందులు, పిల్లల ఫీజులు ఆ నాలుగు నెలల సంపాదనలోంచే గడవాలి. పైగా అడ్వాన్సులు తిరిగిచ్చేయమన్నారు. ఊరికి రెండు వేల చొప్పున 18 వేలు. అప్పటికే అవి ఖర్చయిపోయాయి. మా అప్ప చెవి కమ్మలు తాకట్టులో ఉన్నాయి. కథ చెప్పేటప్పుడు ఇప్పుడు గిల్టువి పెట్టుకుంటోంది.

2. మా మేనల్లుడు చైత్రంలో చెన్నై రైలెక్కాడు. అక్కడ బిల్డింగు పనిలో సెంట్రింగు కొడుతున్నాడు. పదేళ్లప్పుడు మొదటిసారి పందిరెక్కి ఊరినంతా నవ్వించిన పిల్లాడు వాడు. వాడి గుమ్మెట మా వసారాలో మేకుకి వేలాడుతోంది. కథకి ముందు గడ్డిమంట దగ్గర కాచి, వేలితో కొట్టి చూసి, మళ్లీ కాచి శ్రుతికి తెచ్చుకునేవాడు. ఈ వానలకి దాని తోలు వదులైపోయింది. మొన్న నేను కొట్టి చూస్తే అట్టపెట్టె మీద కొట్టినట్టు మోగింది.

3. మా అప్పకి 58 ఏళ్లు. ఆమె ఆ రాత్రి రాజకీయం ఒక్క ముక్క మాట్లాడలేదు, నేనడిగినదానికి జవాబు చెప్పిందంతే. ఆమె ఫొటో మీద రాసిన రాతలు ఇక్కడ రాయలేను. నన్ను తిట్టాలనుకున్న ప్రతివాడూ ముందు ఆమెనే తిట్టాడు. ఇప్పుడు బజారుకెళ్లాలంటే చీకటి పడేదాకా ఆగుతోంది.

4. మిగతా కళాకారులు భయపడ్డారు. నాకు అన్నిటికన్నా బెంగ ఇదే. మాకు తెలిసిన తప్పెటగుళ్ల బృందం ఒకటి ఇక దేవుడి పాటలు తప్ప ఇంకేమీ పాడబోమని తీర్మానించుకుంది. ఒక ఊళ్లో కమిటీ వాళ్లు జముకుల కథ వాళ్ల చేత ‘రాజకీయం మాట్లాడం’ అని తెల్లకాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకున్నారు. దీనివల్ల నష్టం కళాకారుడికే అనుకుంటున్నారేమో, కాదు. కథ మొదలయ్యే ముందు మేం మేకప్ వేసుకునే చోటికి ఎవరో ఒకరు వస్తారు. ఎక్కువగా ముసలమ్మలే. “బాబూ, మా వీధి బోరు పాడై ఆర్నెల్లైంది, నీ కతలో ఒక ముక్క అనీ” అంటారు. రేషన్ గురించి, ఆగిపోయిన పింఛన్ గురించి, దొంగసారా గురించి చెబుతారు. తామే అడిగితే ‘నువ్వు ఎవరి మనిషివి’ అంటారని వాళ్ల భయం. పందిరి మీద రాజకీయం అంటే ఊరంతా వింటుంది, సర్పంచి కూడా ముందు వరసలోనే ఉంటాడు. చాలాసార్లు వారం తిరక్కుండా బోరు బాగయ్యేది. ఈ గొడవ తర్వాత ఒక ఊళ్లో అలాగే ఒకామె వచ్చి చెప్పబోయి, “వద్దులే బాబూ, నీకు మళ్లీ గొడవ” అని తనే వెనక్కి తిరిగిపోయింది.

5. ఆ ముక్క వీడియో గురించి కొట్టుకుని మా పక్క ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లు తలలు పగలగొట్టుకున్నారు. ఇద్దరి మీదా కేసులున్నాయి. ఇద్దరివీ కూలి కుటుంబాలే.

స్టేషన్‌కి వెళ్లాం. ఏ స్టేషనో రాయను, మాకు కావాల్సింది న్యాయం, ఎవరి ఉద్యోగమో కాదు. బెదిరింపు కాల్స్ నంబర్లు రాసిచ్చాం. కేసు కట్టలేదు. అవతలివాళ్లు నా మీద ఫిర్యాదిస్తే మాత్రం నోటీసూ కాగితం లేకుండా పిలిపించి, పొద్దున్న పది నుంచి సాయంత్రం ఆరు దాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. చివరికి ఒకాయన దగ్గరికొచ్చి, “పెద్దాయనా, ఒక సారీ వీడియో పెట్టేయండి, అయిపోద్ది” అన్నాడు. కోపంగా కాదు, జాలిగానే అన్నాడు.

పెట్టాను. మా పెరట్లో మునగచెట్టు కింద నిలబడితే మేనల్లుడు ఫోన్ పట్టుకున్నాడు. మొదటిసారి గొంతు పెగల్లేదు. రెండోసారి మధ్యలో ఆగిపోయాను. నాలుగోసారికి అయింది. ముప్పై ఏళ్లలో నేను సాధన చేసి మరీ చెప్పిన అబద్ధం అదొక్కటే. ఆ రోజు మా అప్ప అన్నం ముట్టలేదు. ఆ వీడియో వల్ల ఒక్క ఊరూ తిరిగి పిలవలేదు, దాన్నీ ముక్కలు చేసి నవ్వుకున్నారు. ఆ వీడియోలో చెప్పిన క్షమాపణని ఈ లేఖతో వెనక్కి తీసుకుంటున్నాను. నిజంగా చెప్పాల్సిన క్షమాపణ పైన చెప్పాను.

అయ్యా, రాజకీయం మాట్లాడే కళాకారుడు ఈ గడ్డకి కొత్తా? నరసన్నపేట ప్రాంతంలోని గోనెపాడులో 1893లో పుట్టిన గరిమెళ్ల సత్యనారాయణ గారు ‘మాకొద్దీ తెల్లదొరతనము’ అని పాట కట్టి పాడినందుకు జైలుకెళ్లారు. 1952లో మద్రాసులో పేదరికంలోనే పోయారు. ఇప్పుడు ఆయన పేరు చెప్పుకుని మనం గర్వపడుతున్నాం. ఆఖరి రోజుల్లో ఆయనకి పూట గడవకపోవడం గురించి మాత్రం ఎవరం మాట్లాడం. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో లెక్క తీయిస్తే మూడేళ్లలో 1,034 కన్యాశుల్కం పెళ్లిళ్లు తేలాయి. గురజాడ ఆ లెక్కని దాచలేదు. నాటకం చేసి 1892లో విజయనగరంలోనే ఆడించారు. మా బుర్రకథనైతే తెల్లదొరలూ నిషేధించారు, నైజాం సర్కారూ నిషేధించింది. అదే బుర్రకథ చెప్పిన షేక్ నాజర్ గారికి 1986లో పద్మశ్రీ ఇచ్చారు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు గారు బతికినంతకాలం పాడిందంతా రాజకీయమే. 2020 ఆగస్టులో ఆయన పోతే పార్టీలతో పని లేకుండా నాయకులు సంతాపం చెప్పారు. పోయినవాళ్లకి దండలు వేస్తున్న చేతులే బతికున్నవాళ్ల అడ్వాన్సు వెనక్కి అడుగుతున్నాయి.

సినిమా వాళ్ల మీదా ఇదే కోపం చూస్తున్నాను. ‘నటుడికి రాజకీయమెందుకు’ అని మన రాష్ట్రంలో అడగడం నాకు అర్థం కాదు. 1967లోనే జగ్గయ్య గారు ఒంగోలు నుంచి లోక్‌సభకెళ్లారు. 1982లో ఎన్టీఆర్ గారు పార్టీ పెట్టి మరుసటి ఏడాదే ముఖ్యమంత్రి అయ్యారు. 2024 నుంచి ఉప ముఖ్యమంత్రి సినిమా నటుడే. అంటే నటుడు రాజకీయం మాట్లాడితే మనకి అభ్యంతరం లేదు. మన పార్టీకి నచ్చనిది మాట్లాడితేనే అభ్యంతరం. 2025 ఫిబ్రవరిలో ఒక సినిమా విడుదలకి ముందు జరిగిన సభలో ఓ సీనియర్ నటుడు అన్న మాటకి సినిమానే బాయ్‌కాట్ చేయమని పిలుపిచ్చారు. ఆ మాట అనని హీరో వచ్చి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ప్రభుత్వాలూ తక్కువ తినలేదు. ఎమర్జెన్సీలో కాంగ్రెస్ కార్యక్రమంలో పాడనన్నందుకు 1976లో కిశోర్ కుమార్ పాటలు ఆకాశవాణిలో, దూరదర్శన్‌లో ఆపేశారు. అయితే పెద్ద నటుడికి ఒక సినిమా పోతే ఇంకో సినిమా ఉంటుంది, మాట్లాడేందుకు వకీళ్లుంటారు. మాకు వైశాఖం పోతే మళ్లీ దసరా దాకా ఏమీ లేదు.

ఇంకొక సంగతి కూడా రాయాలి. ఎన్నికలొస్తే మమ్మల్ని ప్రచారానికి పిలిచేది మీరే. 2019లో ఒక పార్టీ వ్యాన్ మీద మా గుమ్మెట మోగింది, 2024లో ఇంకో పార్టీ వ్యాన్ మీద మోగింది. రోజు కూలికి పాడాం. ఆ సొమ్ముతోనే ఇంటి రేకులు మార్పించుకున్నాను. అప్పుడు మీరు రాసిచ్చింది పాడితే అది ప్రచారం అయింది, ఇప్పుడు నాకు తోచింది చెబితే నేరమైంది. ఇకమీదట ఏ పార్టీ వ్యానూ ఎక్కకూడదని మా దళం నిర్ణయించుకుంది. డబ్బుకి ఇబ్బందవుతుంది, తెలుసు.

చూసేవాళ్లకి హక్కు లేదనను. నా మాట నచ్చకపోతే లేచి వెళ్లిపోండి. ‘నువ్వన్నది తప్పు’ అని పందిట్లోనే లేచి చెప్పండి, పేపర్లో రాయండి, వచ్చే ఏడు మమ్మల్ని పిలవకండి. అదంతా మీ ఇష్టం. మాకు అన్నం పెట్టే వేరే ఊరికి ఫోన్ చేసి ‘వీళ్లని పిలిస్తే పందిరి కాలిపోద్ది’ అనడం ఏ హక్కూ కాదు.

మేం అడిగేవి ఇవి.

1. పండగ కమిటీల పెద్దలకు: ఒప్పుకున్న కథని ఫోన్ బెదిరింపుకి జడిసి రద్దు చేయకండి. తప్పనిసరై రద్దు చేస్తే కారణం కాగితం మీద రాసివ్వండి, ఇచ్చిన అడ్వాన్సు కళాకారుడికి వదిలేయండి. ‘రాజకీయం మాట్లాడం’ అని రాయించుకోవడం ఆపండి. మనిషి ఒంటి మీద, కులం మీద, ఆడవాళ్ల మీద ఎగతాళి చేయకూడదని షరతు పెట్టండి, సంతోషంగా సంతకం పెడతాం.

2. పార్టీల కార్యకర్తలకు: వీడియో పెడితే మొత్తం పెట్టండి. మా మాటకి జవాబు ఉంటే అదే పందిట్లో పది నిమిషాలు మైకు తీసుకోండి, నేనే ఇస్తాను. మా అప్ప ఫొటో మీద రాసిన రాతలు ఈ దసరా లోపు తీసేయించండి. ఎవరు రాశారో మీ మండల నాయకులకి తెలుసు.

3. పోలీసు అధికారులకు: మా మూడు అర్జీల మీద ఏం చేశారో రాతపూర్వకంగా చెప్పండి. బెదిరింపు కాల్స్ మీద కేసు కట్టండి. కళాకారుడి మీద ఫిర్యాదొస్తే రాతపూర్వకమైన నోటీసు ఇచ్చి పిలవండి, సారీ వీడియోల పంచాయితీలు చేయకండి. శ్రీకాకుళంలో ఒక వకీలు గారు మాకు చెప్పారు: గొడవ చేస్తామని ఎవరో బెదిరించారని భావప్రకటనని అణచకూడదని సుప్రీంకోర్టు 1989లోనే ఒక సినిమా కేసులో చెప్పిందట. 2025 మార్చి 28న ఒక పద్యం గురించి పెట్టిన ఎఫ్ఐఆర్‌ని కొట్టేస్తూ, పోలీసులు రాజ్యాంగాన్ని గౌరవించాలని కూడా చెప్పింది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో కేసు కట్టే ముందు, డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసే వీలు కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఉందట. మాలాంటివాళ్ల విషయంలో దాన్ని వాడండి.

4. సాంస్కృతిక శాఖకు: ప్రభుత్వ ఉత్సవాలకి దళాలని ఎంపిక చేసేటప్పుడు ‘వీళ్లు ఎవరివాళ్లు’ అని ఆరా తీయడం మానండి. గుమ్మెట ఎలా మోగుతోందో వినండి.

5. నాయకులకు: మీ అనుచరులకి ఒక్క మాట చెప్పండి. పెళ్లి బంతిలో ఒకరికొకరు వడ్డించుకునే మీకు అది కష్టం కాదు.

సినిమా నటులకి అడిగేది కూడా ఒకటుంది. మీ సినిమాకి బాయ్‌కాట్ వచ్చినప్పుడు రాష్ట్రమంతా మాట్లాడుతుంది. ఈసారి మైకు ముందుకి వచ్చినప్పుడు పల్లెల్లో పందిళ్లు పోగొట్టుకున్నవాళ్ల గురించి కూడా రెండు ముక్కలు చెప్పండి.

ఈ దసరాకి ఇప్పటిదాకా రెండు ఊళ్లు మమ్మల్ని పిలిచాయి. ఒకటి విజయనగరం జిల్లాలోది. మా మేనల్లుడు మేస్త్రీ దగ్గర నాలుగు రోజులు సెలవడిగి వస్తానన్నాడు, గుమ్మెటకి కొత్త తోలు వేయించి ఉంచమన్నాడు. బొబ్బిలి కథే చెబుతాం. ఫిరంగులు ఆగాక మా అప్ప తంబుర దించిన చోట నేను ఎత్తుకుంటాను. ఫోన్లో తీసేవాళ్లు మొదటినుంచి చివరిదాకా తీయండి.

ఇట్లు,
బుర్రకథ దళంలో రాజకీయం వంత,
శ్రీకాకుళం జిల్లా